కాంటా ముందటి వరుస

ప్రవేశపరీక్షలను గూర్చి తటస్థముగా మాటలాడువారు అరుదు. ర్యాంకు వచ్చినవాడు ఆ పరీక్షను ధర్మదేవత యని కొనియాడును. రానివాడు జూదమని నిందించును. ఇరువురికిని తమ అనుభవమే సాక్ష్యమగుటచేత వాదము ఎన్నటికిని తెగదు. ప్రతి వేసవియందును నిజామాబాదు ఖలీల్‌వాడి వీధులలో ఆసుపత్రుల బోర్డులకు పోటీగా ర్యాంకర్ల చిత్రములతో ఫ్లెక్సీలు వెలసినప్పుడు, ఆ నవ్వు మొగముల క్రింద అచ్చువేసిన అంకెలను చదువుకొనుచు మెల్లగా నడచిపోవుట నాకు చిరకాలపు అలవాటు. ఆ అంకెలు ఏమి చెప్పుచున్నవి, ఏమి దాచుచున్నవి అని యోచించుటయు అలవాటే. ఈ యోచనకు నాకు దారి చూపినది ఏ విద్యావేత్త రచించిన గ్రంథమో అనుకొందురేమో; అది బోధను చక్కెర ఫ్యాక్టరీలోని కాంటా.

నేను పెరిగినది బోధను శక్కర్‌నగరులో. మంజీరకు అడ్డముగా 1923లో ఆరంభింపబడి 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరము మా ప్రాంతపు చేలకు కాలువ నీరు తెచ్చినది. ఆ నీటి వెంబడి చెరకు విస్తరించినది. చెరకు వెంబడి 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చి, ఒకానొక కాలమున ఆసియాఖండముననే అతి పెద్ద చక్కెర కర్మాగారమని పేరుగాంచినది. మా తండ్రిగారు అందులో చిన్న గుమస్తా. సీజను సాగు నెలలలో రాత్రింబవళ్లు యంత్రముల హోరును, మడ్డి ఘాటు వాసనయు ఊరినెల్ల ఆవరించి యుండగా, వర్ని, కోటగిరి, రుద్రూరు, ఎడపల్లి, రెంజల్ దారులనుండి వచ్చిన ఎడ్లబండ్లును ట్రాక్టర్లును ఫ్యాక్టరీ గేటునుండి కనుచూపు మేర వరుస కట్టి నిలుచుట నా బాల్యపు నిత్యదృశ్యము.

కాంటా మీదికి వచ్చిన బండి ఎవరిదని ఆ యంత్రము అడుగదు. నూరెకరముల పటేలు బండియైనను, రెండెకరముల కౌలుదారు బండియైనను, కాలువల వెంట క్యాంపులు వేసికొని స్థిరపడిన కోస్తా రైతు బండియైనను, ఎక్కిన పిమ్మట ముల్లు ఒక్క తీరుననే కదలును. చిట్టీ మీద ఆ అంకెయే పడును. ఆ సమత్వము నాకు బాల్యముననే అద్భుతముగా తోచినది. అయితే సీజను చివర, ఎండలు ముదురుచున్న దినములలో, చిట్టీ చేత పట్టుకొని మా తండ్రిగారితో మాటలాడిన ఒక ముదుసలి రైతు పలుకులు ఆ అద్భుతమును కొంత పగులగొట్టినవి.

“కాంటా సక్కగనే ఉన్నది సాబ్. లైనే సక్కగ లేదు. మొన్న కొట్టిన చెరుకిది, రెండు దినాలు ఎండల నిలవడ్డది. ఇగ కాంటా ఏం జేస్తది? ఎండిన బరువే సూపిస్తది.”

కొట్టిన చెరకు నిలువయున్న కొలది బరువును కోల్పోవును, రసములోని చక్కెరయు తగ్గును. ఫ్యాక్టరీ యిచ్చు కటింగు ఆర్డరు సకాలమున తెచ్చుకొనగలిగిన వాని చెరకు పచ్చిగా కాంటా ఎక్కును. పలుకుబడి లేని వాని చెరకు వాడి యెక్కును. చిట్టీల మీది రెండంకెలును సత్యములే. వాని నడిమి భేదమునకు కారణము మాత్రము కాంటాకు తెలియదు. ప్రవేశపరీక్షల గుణదోషములు సమస్తమును ఆ ముదుసలి ముందుగా పలికిన రెండు మాటలలో ఇమిడియున్నవని నేటికిని నా నమ్మకము.

గుణమునే ముందుగా చెప్పుదును. ప్రవేశపరీక్షలు రాక పూర్వము ఇంజనీరింగు, వైద్య కళాశాలలలో ప్రవేశమునకు అర్హత పరీక్షలోని మార్కులే ఆధారముగా నుండెడివి. ప్రైవేటు కళాశాలలు తలయెత్తిన పిమ్మట డొనేషను అను దొడ్డిదారి తెరచుకొన్నది. ఆ దారిని మూయుటకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1983లో ప్రవేశముల నియంత్రణకును క్యాపిటేషన్ ఫీజు నిషేధమునకును ఒక చట్టము చేసి, వృత్తివిద్యా కళాశాలల సీట్లకు ఉమ్మడి ప్రవేశపరీక్షలోని ర్యాంకును ప్రమాణముగా నిలిపినది. ఎంసెట్ అను ఉమ్మడి ప్రవేశపరీక్ష ఆ దశాబ్దపు బిడ్డయే. క్యాపిటేషన్ ఫీజు విషయమున 1993లో సుప్రీంకోర్టు వెలువరించిన ప్రసిద్ధమైన ఉన్నికృష్ణన్ తీర్పు సైతము ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమును ప్రతివాదిగా చేసిన వ్యాజ్యములోనిదే. పరీక్షను నిందించువారు ఈ పుట్టుకను మరువరాదు: ధనికుని డబ్బుసంచికి అడ్డు నిలుచుటకే అది పుట్టినది.

అడ్డు సంపూర్ణముగా నిలిచినదని చెప్పజాలను. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో 70 శాతము సీట్లు కన్వీనరు కోటాలో ర్యాంకును బట్టి నిండుచుండగా, మిగిలిన 30 శాతము యాజమాన్యముల వంతు; అచట ర్యాంకు కన్న రూకలకు చలామణి యెక్కువ యని లోకమెరుగును. అయినను ఆ డెబ్బదివంతులు నిలిచినవి గదా! ఇదియును గాక, రాజ్యాంగపు 371డి అధికరణము ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు వలన ఉమ్మడి రాష్ట్రమున 85 శాతము సీట్లు ఆయా విశ్వవిద్యాలయ ప్రాంతముల స్థానికులకే దక్కెడివి. మా బోధను పిల్లవాడు ముఖ్యముగా ఉస్మానియా ప్రాంతపు తోటివారితోనే పోటీపడెడివాడు గాని, తరతరములుగా పాఠశాలలు పాతుకొన్న కృష్ణా, గుంటూరు జిల్లాల వారితో కాదు. కాంటా ఒక్కటియే, వరుసలు మాత్రము వేరు. వరుసను సరిదిద్దినంత మాత్రమున కాంటా చెడదను జ్ఞానము మన శాసనకర్తలకు ఆనాడే కలదని దీనివలన తేలుచున్నది.

ఇటీవల ఒక మే నెలలో, ఊరినుండి వచ్చిన బంధువుల బాలికకు తోడుగా నిజామాబాదు శివారులోని ఒక పరీక్షా కేంద్రమునకు పోయితిని. నిమిషము ఆలస్యమైనను లోనికి విడువరను భయముచేత, తెరువని గేటు ముందు గంటకు పూర్వమే జనము క్రిక్కిరిసియుండిరి. ప్రక్కనున్న కుళాయి వద్ద ఒక పిల్ల చిన్న సబ్బు ముక్కతో అరచేతులను పదే పదే రుద్దుకొనుచున్నది. అక్క పెండ్లి నిన్ననే జరిగినదట. వ్రేలిముద్ర యంత్రమునకు ఆటంకమగును గనుక చేతులకు గోరింటాకు ఉండరాదను నిబంధనను ఎవరో ఉదయముననే చెప్పిరట. ఆమె తల్లి కొంగుతో చేతులు తుడిచి, వెలుతురులో పరీక్షించి, మరల నీటి క్రింద పెట్టించుచు, “గట్టిగ రుద్దు బిడ్డా, గింత ఎర్రగనే ఉన్నయి” అని తొందరపడుచున్నది. కారు దిగిన పిల్లలును, ఆర్టీసీ బస్సు దిగిన పిల్లలును ఒకే వరుసలో నిలిచిరి. ఆ పిల్ల వంతు వచ్చినప్పుడు యంత్రము రెండు మారులు ఎర్రదీపము చూపి, మూడవమారు పచ్చదీపము చూపినది. ఆమె లోనికి పోయినది. ఆ గేటు దాటిన పిమ్మట ఆమె ఎవరి కూతురో, ఏ కులమో, ఏ భాషలో వణకుచున్నదో ప్రశ్నపత్రము విచారింపదు. ఈ దేశమున ఒక పేద బాలికను అట్టి ప్రశ్నలడుగని ద్వారములు ఎన్ని కలవు? ఈ ఒక్క కారణముచేతనే నేను ప్రవేశపరీక్షను తీసివేయుడనువారి పక్షమున చేరజాలకున్నాను.

ఇక దోషములకు వత్తును. ఇంజనీరింగు పరీక్షలో 160 ప్రశ్నలు: గణితమున 80, భౌతిక రసాయన శాస్త్రములందు 40 చొప్పున. కాలము మూడు గంటలు. ఒక్కొక్క ప్రశ్నకు నిమిషమునకు కించిత్ పైబడిన వ్యవధి మాత్రమే చిక్కును. తప్పు వ్రాసినచో కోత లేదు గనుక, తెలియని దానికిని ఒక సమాధానము నొక్కి ముందుకు సాగుటయే వివేకమని కోచింగు వారు బోధింతురు. శీఘ్రత యొక గుణమే. దానిని నేను తక్కువ చేయను. కాని బోధనుకు సమీపముననున్న రుద్రూరు పరిశోధన కేంద్రమున చెరకు మీదను వరి మీదను కృషిచేయు శాస్త్రజ్ఞుల పని ఎట్టిదో చూడుడు: ఒక క్రొత్త చెరకు వంగడమును పుట్టించి, పెంచి, పలు నేలలలో పరీక్షించి, రైతు చేతికందించుటకు పదేండ్లు పట్టుట సామాన్యము. పదేండ్లు ఒక్క ప్రశ్నను విడువక పట్టుకొని కూర్చుండు బుద్ధిని, నిమిషమునకొక ప్రశ్నను వదలిపెట్టుచు పరుగిడు పోటీలో ఏరుకొనుట సాధ్యమా? కాంటా బరువును తూచును. తీపి యెంతో తెలియవలెనన్న చెరకును పిండి రసము చూడవలెను. దానికి వేరు సాధనము, వేరు తీరిక కావలెను.

అయితే ఇది పరీక్ష స్వభావములోని కొరత, కొంతవరకు క్షమింపవచ్చును. క్షమింపరానిది వరుసలోని అన్యాయము. మండల కేంద్రములోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో గణితము చెప్పు లెక్చరరు బదిలీయై పోయి, ఆ స్థానమున గెస్ట్ లెక్చరరు వచ్చునప్పటికి దసరా సెలవులు గడచిపోవుట మా వైపు వింత కాదు. అదే దినములలో హైదరాబాదు హాస్టలులోని విద్యార్థి వేకువనే లేచి, వారాంతపు పరీక్షలు వ్రాసి, తన తప్పులను గుర్తించి దిద్దు మనుష్యులను ఎదుట పెట్టుకొని చదువుచుండును. ఇరువురును మే నెలలో ఒకే ప్రశ్నపత్రమునకు సమాధానములు వ్రాయుదురు. పరీక్ష సత్యమునే చెప్పును. ఎండలో నిలిచిన చెరకు తేలికగానున్నదని చెప్పును.

దీనికి మా ఊరి కథయు తోడైనది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి మారిన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూతపడినది. చెరకు వేసిన రైతు దూరపు మిల్లులను వెదకుకొనెను, లేదా వరికి మరలెను. కార్మికుని ఇంట చదువుకొను పిల్లవాడొక్కడే మిగిలిన పెట్టుబడి యయ్యెను. పూర్వము ఆ ఇండ్లలో పరీక్ష తప్పిన వానికి ఫ్యాక్టరీలో ఏదో యొక పని దొరకుననెడి ధైర్యముండెడిది. ఆ ధైర్యము తొలగిన పిమ్మట పరీక్ష మీద పడిన భారము నాలుగు రెట్లైనది. బీసీ, ఈబీసీ విద్యార్థికి 10,000 లోపు ర్యాంకు వచ్చినచో ఇంజనీరింగు ఫీజు పూర్తిగా ప్రభుత్వమే చెల్లించును. ఆ గీత దాటినచో 35,000 రూపాయల వరకే. గీతకు ఈవలనున్న వానికిని ఆవలనున్న వానికిని ఒక్క ప్రశ్నయంత తారతమ్యమైనను ఉండకపోవచ్చును. తండ్రి చేయవలసిన అప్పులో మాత్రము నాలుగేండ్ల తారతమ్యము కలుగును. ఇట్టి బరువును మోయలేక రెసిడెన్షియల్ కళాశాలలలో పిల్లలు ప్రాణములు తీసికొనుచుండుట చూచి ప్రభుత్వము 2001లోనే నీరదారెడ్డి కమిటీని నియమించినది. ఆ తరువాతను కమిటీలు వచ్చినవి. వార్తలును ఆగలేదు.

పరీక్ష శీలమునకే కళంకము వచ్చిన సందర్భములును కలవు. 2016లో తెలంగాణ ప్రభుత్వము వైద్యవిద్యకై జూలైలో నిర్వహించిన ఎంసెట్–2 ప్రశ్నపత్రము ముందుగానే కొందరి చేతికి చిక్కినదని సీఐడీ తేల్చగా, ఆ పరీక్ష రద్దై, సెప్టెంబరులో ఎంసెట్–3 జరిగినది. న్యాయముగా చదివి వ్రాసిన వేలమంది పిల్లలు, ఎవరో కొందరు చేసిన పాపమునకు మరల పుస్తకములు తెరచిరి. కాంటా క్రింద రాయి పెట్టువాడు వరుసలో నిలిచిన వారందరిని దోచుకొనును.

మరి దీనిని తొలగించి ఇంటర్మీడియట్ మార్కులనే నమ్ముదమా? ఆ మార్గమున నడచిన రాష్ట్రము దక్షిణ భారతముననే కలదు. తమిళనాడు 2006లో చేసిన శాసనముతో తన ఉమ్మడి ప్రవేశపరీక్షను తీసివేసి, పండ్రెండవ తరగతి మార్కులతోనే ఇంజనీరింగు సీట్లు నింపుచున్నది. గ్రామీణ విద్యార్థికి కోచింగు పీడ తప్పునని దాని వాదము. అందులో బలము లేకపోలేదు. కాని 2019 ఏప్రిలులో మన ఇంటర్మీడియట్ ఫలితములలో దొరలిన పొరపాట్లును, ఆ వెంటనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసికొన్నారన్న వార్తలును మరచిన వాడే, బోర్డు మార్కులు నిర్దోషములని చెప్పగలడు. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతము వెయిటేజీ యిచ్చిన కాలమున, కళాశాలల మధ్య మార్కులు దండుకొను పోటీయే పెరిగినది గాని, తరగతి గదిలో పాఠము పెరిగినట్లు నాకు తోపలేదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో ఆ వెయిటేజీని శాశ్వతముగా తొలగించినది.

అమెరికాలోను ఇదే ఊగిసలాట. కరోనా వచ్చిన 2020లో అచటి అనేక విశ్వవిద్యాలయములు శాట్ అను పరీక్ష మార్కులు అవసరము లేదని ప్రకటించినవి. రెండేండ్లు గడచునప్పటికి ఎంఐటీ పరీక్ష నిబంధనను మరల ప్రవేశపెట్టినది. పరీక్ష లేకున్నచో, పెద్ద పాఠశాలలలో చదువు అవకాశము లేని ప్రతిభావంతులను గుర్తించుట తమకు కష్టమగుచున్నదని ఆ సంస్థ చెప్పిన హేతువు. పేదల పక్షమున పరీక్షను తీసివేసి, పేదల పక్షముననే దానిని తిరిగి తెచ్చుట విచిత్రముగా తోచవచ్చును. కాంటా లేని చోట పలుకుబడియే తూచునని తెలిసినవారికి అందులో విచిత్రము లేదు.

నిజామాబాదు నుండి గోదావరి దాటినచో బాసర. తల్లిదండ్రులు బిడ్డలకు అక్షరాభ్యాసము చేయించు ఆ జ్ఞానసరస్వతీ క్షేత్రముననే 2008లో ట్రిపుల్ ఐటీ వెలసినది. గ్రామీణ బాలబాలికలకై ఏర్పడిన ఆ విద్యాలయమున ప్రవేశపరీక్ష లేదు. పదవ తరగతి ఫలితములతోనే ఆరేండ్ల సమీకృత విద్యకు పిల్లలను చేర్చుకొందురు. పదవ తరగతిలో గ్రేడులున్న కాలమున నా మనస్సును ఆకర్షించిన నియమమొకటి అచట ఉండెడిది: ప్రభుత్వ పాఠశాలలో చదివిన విద్యార్థి గ్రేడు సగటునకు 0.4 కలిపి లెక్కించెడివారు. ఎంత చిన్న అంకె! అయినను ఆ చిన్న అంకెలో, వాడు నడచివచ్చిన త్రోవను చూచితిమను అంగీకారము కలదు. మా ముదుసలి రైతు కోరినది అంతకంటె వేరు కాదు. అయితే 2021లో కరోనావలన పదవ తరగతి పరీక్షలు జరుగక అందరును ఉత్తీర్ణులైనప్పుడు, బాసర వారికి సైతము పాలీసెట్ ప్రవేశపరీక్ష ర్యాంకుల నాశ్రయింపక తప్పలేదు. పరీక్ష వద్దనుకొన్న చోట కూడ, ఎక్కడనో యొకచోట నమ్మదగిన కొలత లేక సీటు పంచుట అసాధ్యమని ఆ సంవత్సరము తేటపరచినది.

కావున నా అభిప్రాయమును సంగ్రహించి చెప్పుదును. త్రాసు మొగము చూడరాదు. వచ్చిన త్రోవ చూడవలెను. పరీక్షకు గ్రుడ్డితనము శోభించును, దానిని నడుపు ప్రభుత్వమునకు శోభింపదు. బాసరలోని 0.4 వంటి ఏర్పాటు ఇంజనీరింగు ర్యాంకులోను ఉండదగును; తమిళనాడు 2020లో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు వైద్యవిద్యలో 7.5 శాతము సీట్లు ప్రత్యేకించినది, అదియు పరిశీలింపదగిన దారియే. ఒక్క పూట జ్వరముతో ఒక సంవత్సరము మునుగకుండ, జేఈఈ మెయిన్ 2019 నుండి చేయుచున్నట్లు, రెండు మారులు వ్రాసి మంచి మార్కును నిలుపుకొను వీలు కల్పింపవచ్చును. సీట్లు పెరిగినకొలది వరుసలోని త్రొక్కిసలాట తగ్గుననుటకు నిజామాబాదు ప్రభుత్వ వైద్య కళాశాలయే సాక్షి. 2013లో అది తెరచుకొనకమునుపు ప్రభుత్వ కళాశాలలో డాక్టరు చదువు చదువవలెనన్న మా జిల్లా పిల్లలు జిల్లా దాటి పోవలసియుండెడివారు.

తల్లిదండ్రులకును ఒక మాట. రెండు లక్షలకు పైబడిన పిల్లలు వ్రాయు పరీక్షలో ర్యాంకు అనునది ఆ యేటి సీట్ల పంపకమునకు ఏర్పరచుకొన్న వరుస సంఖ్య. సీటు నిండిన మరునాడు దానికి ప్రయోజనము తీరినది. చెరకు దింపి వచ్చిన పిమ్మట కాంటా చిట్టీని ఏ రైతును పటము కట్టించి గోడకు వ్రేలాడదీయడు; డబ్బు చేతికి వచ్చువరకే దానిని భద్రపరచును. మనము మాత్రము పదునెనిమిదేండ్ల పిల్లవాని నొసట ఆ చిట్టీని అంటించి, పెండ్లిలో, పేరంటములో, వీధి అరుగుమీద పదేండ్లు చదువుచుందుము.

ఇన్ని సంస్కరణలకును కమిటీలు కావలెను, శాసనములు కావలెను, న్యాయస్థానముల అనుమతులు కావలెను. అవి వచ్చువరకు ఓపిక పట్టుదము. కాని మండల కేంద్రపు జూనియర్ కళాశాలలో ఖాళీగానున్న గణితపు కుర్చీని జూన్ నెలలోనే నింపుటకు వీనిలో ఏదియు అక్కరలేదు. ఆ ఒక్క పని యేటేట సకాలమున జరిగినచో, ప్రవేశపరీక్ష న్యాయమా అన్యాయమా అని నేనును మీరును ఇంత దీర్ఘముగా వాదించుకొను అవసరము సగమునకు సగము తీరిపోవును.